తలుపులు మూసి చేసుకున్న ఆత్మవిమర్శ

సుధాకర్ సార్ చేతిరాత అందంగా ఉంటుంది. ముందే ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన గురించి మంచి మాట చెప్పే ఓపిక నాకు మిగలదు. గీతల్లేని తెల్లకాగితం మీద కూడా వరుస తప్పకుండా రాస్తాడు. దీర్ఘాలు, ఒత్తులు ఎక్కడివక్కడ ఉంటాయి. సిద్దిపేట పాత బస్టాండ్ వెనక సందులో పదకొండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. ఎన్ని గజిబిజి రాతలతో నా కళ్లు పోగొట్టుకున్నానో నాకే తెలుసు. అందుకే మా ఓనర్ లక్ష్మీరాజం సార్ ఆ నాలుగు వందల పేజీల కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టినప్పుడు, నిజం చెప్పొద్దూ, సంతోషపడ్డాను.

ఆ కట్ట సుధాకర్ సార్ ఆత్మకథ. ఇప్పుడాయన ఏదో కార్పొరేషన్‌కు చైర్మన్. ముందొక కారు, వెనకొక కారు. పట్నంలో ఏ ఫంక్షన్ హాల్ తెరిచినా కత్తెర ఆయన చేతికే ఇస్తారు. జగదేవ్‌పూర్ దిక్కు భూములున్న ఇంటి కొడుకు. కానీ ముప్పై ఏళ్ల కింద ఆయన పేరు దినకర్. అడవిలోకి పోయినవాళ్లు పాత పేరు వదిలేసి కొత్త పేరు పెట్టుకునేవాళ్లు కదా, అలా పెట్టుకున్న పేరు. దినకరన్న వస్తున్నాడంటే మా వైపు ఊళ్లు లేచి నిలబడేవట. తుపాకీ దించి లొంగిపోయాక కాంట్రాక్టులు చేశాడు, తెలంగాణ ఉద్యమంలో మైకు పట్టాడు, తర్వాత పదవి పట్టాడు. ఇప్పుడు కలం పట్టాడు. పుస్తకం పేరు 'నిప్పుల బాటలో నా అడుగులు'. ఆవిష్కరణకు మంత్రి వస్తున్నాడు కాబట్టి నెల రోజుల్లో పని తెమలాలన్నారు.

టైపు చేసేవాళ్లు చదవరు. బయటివాళ్లకు చెబితే నమ్మరు గానీ, మేము అక్షరాలు చూస్తాం, మాటలు పట్టించుకోం. పెళ్లి కార్డైనా పెద్దకర్మ కార్డైనా వేళ్లకు ఒకటే. పదకొండో అధ్యాయం కూడా అలాగే కొట్టుకుంటూ పోయాను. ఒక పేరా అయ్యాక ఆగి, చల్లారిపోతున్న చాయ్ అందుకుని, స్క్రీన్ వైపు చూశాను. అప్పుడు చదివాను.

'ఉద్యమంలో పొరపాట్లు జరగలేదని నేను అనను. తొంభై ఎనిమిదిలో ధూళిమిట్ట ప్రాంతంలో ఒక గీత కార్మికుణ్ణి ఇన్‌ఫార్మర్‌గా భావించి, ప్రజాపంచాయితీ తీర్పు మేరకు నిర్మూలించడం జరిగింది. పోలీసులకు సమాచారం ఇచ్చింది అతను కాదని, వేరొకరని ఆరు నెలల తర్వాత రూఢి అయింది. నలుగురం కమిటీ సభ్యులం సమావేశమై నిజాయితీగా ఆత్మవిమర్శ చేసుకున్నాం. ఉద్యమ ప్రతిష్ఠ దృష్ట్యా ఈ విషయం బయటపెట్టకూడదని తీర్మానించాం. ఆ పూట మాలో ఎవరికీ అన్నం సహించలేదు.'

మా బాపు పేరు కాశయ్య. గీత కార్మికుడు. మాది ధూళిమిట్ట పక్క ఊరు. తొంభై ఎనిమిదిలో నాకు నాలుగేళ్లు.

చాయ్ కీబోర్డు మీద ఒలికిపోయింది. లక్ష్మీరాజం సార్ తుడుస్తూ ఏదో తిడుతున్నాడు, నాకు వినపడలేదు. నేను ఆ చివరి వాక్యమే చూస్తున్నాను. అన్నం సహించలేదట! మా బాపు ప్రాణానికి వీళ్లు చెల్లించింది ఒక పూట అన్నం. అది కూడా మర్నాడు తినే ఉంటారు, ఆకలి మీద ఇంకో ముద్ద ఎక్కువే తిని ఉంటారు.

ఆరు నెలలకే తెలిసింది వీళ్లకు. నేను ఆ ఆరు నెలల తర్వాతి సంగతులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. కల్లుగీత సంఘం వాళ్లు బాపు వాటా తాటిచెట్లను వేరేవాళ్లకు పంచేశారు. అప్పటికి వీళ్లకు తెలుసు. ఎల్లమ్మ పండుగకు అమ్మ బోనమెత్తుకుని వస్తే, వరసలోంచి పక్కకు జరగమన్నారు. అప్పటికీ తెలుసు. నక్సలైట్లు చంపినవాళ్ల కుటుంబాలకు సర్కారు ఇచ్చే సాయం తీసుకొమ్మని రెవెన్యూ వాళ్లు కాగితాలు పట్టుకుని రెండుసార్లు తిరిగారు. తీసుకుంటే బాపు పోలీసుల మనిషని మేమే ఒప్పుకున్నట్టవుతుందని అమ్మ వేలిముద్ర వెయ్యలేదు. ఐదేళ్లైనా నిండని నన్ను చంకనేసుకుని సిద్దిపేట వచ్చి బీడీలు చుట్టింది. ఊరి నుంచి ఎవరో వచ్చి చెవిలో వేస్తే ఇక్కడి బడిలో కూడా నేను 'ఇన్‌ఫార్మర్ బిడ్డ'నే. కొమురవెల్లి సంబంధం లగ్గం పెట్టుకున్నాక తప్పిపోయింది, ఆ మాట వల్లే. వీటిలో ఏ ఒక్క రోజైనా వీళ్లలో ఒక్కడు ఒక కార్డు ముక్క రాసి పడేసి ఉండొచ్చు. చేతిరాత అంత అందంగా ఉంది కదా.

లక్ష్మీరాజం సార్‌కు చూపించాను. కళ్లద్దాలు పైకి నెట్టి రెండుసార్లు చదివాడు. మంచివాడే, కానీ వ్యాపారం చేసుకునేవాడు.

"గిది మన పనా భవానీ? మనం అక్షరాలు కొట్టేటోళ్లం."

"మా బాపు సార్."

"తెల్సు బిడ్డా. గందుకే చెప్తున్న." అని ఆ పేజీ తీసుకుని జిరాక్స్ మిషన్ దగ్గరికి పోయాడు. ఇరవై కాపీలు తీసి నా సంచిలో పెట్టి, "మిషన్ దానంతటదే తిరిగింది, నేను చూసుకోలే" అన్నాడు.

ఇంటికి పోయి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ పేరు రామవ్వ. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వింటూ కూడా చుడుతూనే ఉంది. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. రెండూ లేవు.

"ఆరు నెలలకే తెల్సిందా?" అంది.

"ఆరు నెలలకే."

"మల్లొకపారి సదువు."

మళ్లీ చదివాను. 'అతను కాదని' అన్న దగ్గర ఆమె చేతులు ఆగాయి. ఆకు, కత్తెర, దారం అన్నీ చాటలోనే వదిలేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంత పెద్ద మాట తెలిసి కూడా ఈ మనిషికి కోపం రాదేమిటని నాకు ఆమె మీదే మంట పుట్టింది. ఇరవై ఏడేళ్లు బీడీలు చుట్టీ చుట్టీ కోపం కూడా ఆకులో పెట్టి చుట్టేసిందనుకున్నాను. భయపడుతోందని కూడా అనుకున్నాను. ఎంత తప్పుగా అనుకున్నానో తర్వాత తెలిసింది.

వారం తిరిగేసరికి ప్రూఫులు వెనక్కొచ్చాయి. నాలుగు వందల పేజీల్లో సార్ దిద్దినవి నలభై కూడా లేవు. కానీ ఆ పేరా మీద మాత్రం ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన 'తొలగించాలి, మిత్రుల సలహా' అని అదే అందమైన రాత. ఆ సాయంత్రం కవర్ పేజీ చూడ్డానికి తనే స్వయంగా షాపుకొచ్చాడు. తెల్ల చొక్కా, అత్తరు వాసన. లక్ష్మీరాజం సార్ ఆయనకు కుర్చీ వేసి, ఫ్యాను అటు తిప్పినా, నేను లేచి నిలబడలేదు.

"సార్, మీరు కొట్టేసిన పేరాల గీత కార్మికుడున్నడు గద, ఆయన పేరేంది?"

"పాత సంగతులు తల్లీ. పేర్లెందుకు? నువ్వు తీసెయ్ అంతే."

"కాశయ్య సార్. మా బాపు."

సుధాకర్ సార్ ముఖం చూడాలి మీరు. వెంట ఉన్న మనుషులను బయటికి పొమ్మన్నాడు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అబద్ధమాడను, నిజంగానే తిరిగాయి. మైకు ముందు కూడా ఈయనకు ఇలాగే తిరుగుతాయని నాకు తెలుసు. నా రెండు చేతులూ పట్టుకుని, "అక్క ఉన్నదా? బాగున్నదా? ఆదివారం నాడు కారు పంపిస్త, అక్కను తీస్కొని మా తోటకు రా. ఆనాటి మిత్రులు నలుగురం ఏడాదికొకపారి గాడ కూసుంటం. అక్కకు అన్యాయం కానియ్య" అన్నాడు. నాకు చేతులు కడుక్కోవాలనిపించింది.

అమ్మ రాదనుకున్నాను. ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని నాకంటే ముందే గుమ్మంలో నిలబడింది.

తోట జగదేవ్‌పూర్ దాటాక లోపలికి ఉంది. చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర వెదురు బుట్ట. ఆ బుట్టలో ఫోన్లు పెట్టాలట, అది వాళ్ల నియమమట. ఇద్దరు గన్‌మెన్లు కూడా గేటు బయటే ఉన్నారు. నా ఫోను కూడా అందులో పెట్టించారు. అడవిలో దాక్కున్నప్పటి జాగ్రత్తలన్నీ ఇప్పుడు మామిడితోటలో పాటిస్తున్నారు. లోపల నలుగురూ పచ్చగడ్డి మీద కుర్చీలేసుకుని ఒకర్నొకరు పాత పేర్లతో పిలుచుకుంటున్నారు. వాళ్లలో అడ్వకేటు రాజశేఖర్‌ను నేను గుర్తుపట్టాను. ఆయన సుధాకర్ సార్‌కు ఎదుటి పార్టీ. టీవీలో వీళ్లిద్దరూ ఒకర్నొకరు దొంగ, ద్రోహి అని నోరు నొప్పిపుట్టేలా తిట్టుకుంటారు. ఇక్కడ ఒకే పళ్లెంలో పల్లీలు తింటున్నారు. మిగతా ఇద్దరిలో ఒకాయనకు ఇంగ్లీషు మీడియం బళ్లున్నాయి, ఇంకొకాయన ప్లాట్లు అమ్ముతాడు. సమానత్వం తెస్తామని మా అమ్మలతో అన్నం మోయించుకున్నవాళ్లు వీళ్లు.

"రా అక్కా, కూసో" అని సుధాకర్ సార్ కుర్చీ చూపించాడు. అమ్మ కూర్చుంది. నేను కూర్చోలేదు.

"దినకరన్నా, బాగున్నవా?" అంది అమ్మ. ఆ పాత పిలుపు వినగానే ఆయన మెత్తబడ్డాడు.

"అక్కా, సూటిగ చెప్త. పుస్తకం ఎనుక అమరుల జాబిత ఉన్నది. కాశన్న పేరు గండ్ల పెడుతున్న. పోలీసులు పట్టుకపోయి కాల్చిన్రని రాస్తం. ఆవిష్కరణ నాడు మంత్రి చేతుల మీద నీకు శాలువా. డబుల్ బెడ్‌రూం ఇల్లు సంగతి నాకిడిసిపెట్టు. ఇంక నీకేం గావాలెనో చెప్పు."

అంటే బాపును ద్రోహి చేసిందీ వీళ్లే, ఇప్పుడు అమరుణ్ణి చేసేదీ వీళ్లే. రెండూ అబద్ధాలే. రెండుసార్లూ మమ్మల్ని అడిగింది లేదు. నా నోట్లో బూతు కూడా వచ్చింది, అమ్మ ముందు మింగేశాను.

"పోలీసులు కాల్చలే గదన్నా" అంది అమ్మ, ఏదో లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా.

"పుస్తకంల ఉన్నదే రేపు చరిత్రైతది అక్కా. మీ ఊరంత నీకు దండం పెడ్తది."

"దండాలు నేనేం జేసుకుంట? ఆనాడు మా ఊరి మండువ కాడ, కల్లు దాగే జాగల ఊరందర్ని కూసోబెట్టి కాయితం సదివినవు. ఫలానా ఫలానా తప్పులు చేసిండని సదివినవు. మల్ల గాడికే వచ్చి, ఆయన చెయ్యలే, మాదే తప్పని సదువు. నాకు గంతే."

నలుగురూ ముఖాలు చూసుకున్నారు. రాజశేఖర్ గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, అట్ల చెప్తే నేరం ఒప్పుకున్నట్లైతది. ఆ కేసు ఇంక పూర్తిగ మూతపడలే. చైర్మన్ సాబ్ పదవి పోతది. మా అందరి మెడకు చుట్టుకుంటది."

"మరి పోలీసులకు చెప్పిందెవరన్నా?" అమ్మ ఆయన వైపు చూడనే లేదు, సుధాకర్ సార్‌నే అడిగింది.

"అది చెప్పరాదక్కా. కమిటీ రహస్యం. మాట ఇచ్చుకున్నం."

ఇక నా వల్ల కాలేదు. "కమిటీ ఏడున్నది సార్? పార్టీ ఇడిసిపెట్టిన్రు, తుపాకులిచ్చేసిన్రు, పేర్లు మార్చుకున్నరు. అన్ని పోయినయి గని రహస్యం ఒక్కటి పోలేదా? ఎవల్ని కాపాడుతున్నరు? మీ ఇంటోళ్లనేనా?"

బళ్లాయన పల్లీల పళ్లెం వైపు చూశాడు. ప్లాట్లాయన లేచి నాలుగడుగులు దూరం పోయాడు. ఏదో గురి తగిలిందని నాకర్థమైంది గానీ ఎవరికి తగిలిందో తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. రాజశేఖర్‌కు మాత్రం కోపం వచ్చింది. కోర్టులో గొంతు లేపడం అలవాటైన మనిషి.

"ఊకుంటున్నమని ఎక్కువ మాట్లాడకు. మేం చంపినమా? ప్రజాపంచాయితీ పెట్టినం. తీర్పు ఎవరిది? ప్రజలది. ఇన్‌ఫార్మర్ అని నమ్మేటోళ్లు చేతులెత్తున్రి అంటే ఊరు ఊరంత ఎత్తింది. నీకు తెల్వకుంటే మీ అమ్మనడుగు. ఆమె ఎత్తలేదా చెయ్యి?"

"రాజన్నా!" అని సుధాకర్ సార్ అరిచాడు. కానీ ఆ మాట వచ్చేసింది.

నేను అమ్మ వైపు తిరిగాను. కాదంటుందని, థూ అంటుందని చూశాను. ఆమె రాజశేఖర్ మీద కోపగించుకోలేదు, తల దించుకోలేదు. చీర కొంగు భుజం మీద సర్దుకుంది.

"ఎత్తిన" అంది. తర్వాత సుధాకర్ సార్‌ను అడిగింది. "నేను నమ్మి ఎత్తిన దినకరన్నా. నువ్వు నమ్మి సదివినవా?"

ఆయనకు ఆ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు, అన్ని మైకుల ముందు మాట్లాడాడు కదా, ఏ పేపరువాడూ అడిగి ఉండడు.

"నాకు అనుమానముండె అక్కా" అన్నాడు. "కని కమిటీ నిర్ణయమైపోయింది. ఎదురు చెప్తే నన్ను గూడ అనుమానిస్తరని..."

అమ్మ లేచింది. "పా బిడ్డా" అంది నాతో. కారు దింపి వస్తుందని వెనక నుంచి చెబుతూనే ఉన్నారు. బుట్టలోంచి నా ఫోను తీసుకుని, మామిడి చెట్ల కింద నుంచి గేటు దాకా, గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచాం. నాకంటే అమ్మే ముందు నడిచింది.

సిద్దిపేట బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, అడగకుండా ఉండలేక అడిగాను.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె?"

"తుపాకి పెట్టిన్రా నీకు? బెదిరిచ్చిన్రా?" అవునను అమ్మా, అవునని ఒక్క మాటను అని లోపల బతిమాలుకుంటున్నాను.

"లే. ఎవ్వరు పెట్టలే. గదే గద నా బాధ." కిటికీ బయటికి చూస్తూ చెప్పింది. "దొర గడి ముంగట మీ తాత చెప్పులు చేతుల పట్టుకొని నడిసేటోడు. కాళ్లకేసుకొని నడిసేటట్టు చేసింది వీళ్లే. కూలి పెంచింది వీళ్లే. అన్నం మూటలు నేను మోసిన, కాయితాలు నా కొంగుల దాసిన. అసొంటోళ్లు అబద్ధమాడ్తరా అనుకున్న. కాయితం మీద రాసుకొచ్చిన్రు, తేదీల తోని సదివిన్రు. పోలీస్ ఠాణాకు పోయిండన్నరు. పోయిండు, సైకిలు గుంజుకుంటే అడగనీకి పోయిండు, నాకు తెల్సు. తెల్సి గూడ, ఇంకేదో నాకు తెల్వకుండ చేసే ఉంటడు, లేకుంటె అన్నలు ఎందుకంటరు అనుకున్న. ఆయన కంటె వాళ్లనే ఎక్కువ నమ్మిన."

కండక్టరు టికెట్ల కోసం వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నాను.

ఆమె మీద కోపం వచ్చిందా అంటే వచ్చింది. దాచిపెట్టి లాభం లేదు. సిద్దిపేట వచ్చేదాకా ఆమె చెయ్యి నేను పట్టుకోలేదు. కానీ నాలుగడుగులు ఇంటి వైపు నడిచాక అసలు కోపం ఎవరి మీద ఉండాలో నాకు తెలిసొచ్చింది. బాపును చంపడం ఒక్కటే చేస్తే వాళ్లు హంతకులు. అంతటితో ఆగలేదు వాళ్లు. వాళ్ల మాట వేదమని నమ్మిన మనిషితో చెయ్యెత్తించి, ఆ చెయ్యి వెనక నలుగురూ దాక్కున్నారు. ఆ కాగితం చదివినవాడికే దాని మీద నమ్మకం లేదు! ఆ రోజు మండువ దగ్గర విప్లవాన్ని నిజంగా నమ్మింది ఎవరు? చదువు రాని మా అమ్మ. ఆమె నమ్మకాన్ని వాళ్లు పలుగులా, పారలా వాడుకున్నారు. ఆ తర్వాత తలుపులు మూసుకుని తమను తాము క్షమించుకున్నారు. ఈమెకు మాత్రం క్షమించుకునే కమిటీ ఏదీ లేదు.

"రేపు ఊరికి పోదాం" అంది అమ్మ ఆ రోజు అన్నం తింటూ. "గా కాయితం పట్టుకో."

మర్నాడు చేర్యాల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయాం. పది గంటల కల్లా మండువ దగ్గరికి చేరాం. తాటి కమ్మల పందిరి కింద పదిహేను మంది దాకా కల్లు తాగుతున్నారు. గీత సంఘం పెద్ద రాజమల్లయ్య మామ చెట్టెక్కే మోకు, ముస్తాదు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బాపు వాటా తాళ్లను వేరేవాళ్లకు పంచింది ఈయనే. మమ్మల్ని చూసి ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. అటు పొలం నుంచి వస్తున్న ఆడవాళ్లు కొందరు గంపలు దించి నిలబడ్డారు.

"ఏందే రామవ్వా, గిట్లొచ్చినవు?" అన్నాడు మామ.

"మా పోరి ఒక కాయితం సదువుతది, ఇనున్రి" అంది అమ్మ.

జిరాక్స్ కాపీలు తలా ఒకటి ఇచ్చాను. చదువొచ్చినవాళ్లు కొందరే, అయినా అందరికీ ఇచ్చాను. ఎవరి రాతో చెప్పాను. తర్వాత గట్టిగా చదివాను. 'ఒక గీత కార్మికుణ్ణి' అన్నచోట ఆగి, "కాశయ్యను" అన్నాను. 'సమాచారం ఇచ్చింది అతను కాదని' దగ్గరికి వచ్చేసరికి లొట్టిలోంచి కల్లు వంపుతున్న చెయ్యి ఆగిపోయింది. మామ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గిది అచ్చయితదా బిడ్డా?" అన్నాడు.

"కాదు మామా. కొట్టేసిండు. పుస్తకంల ఉండది. గీడనే ఉంటది."

ఇంకా మూడు వాక్యాలున్నాయి. 'నలుగురం కమిటీ సభ్యులం సమావేశమై నిజాయితీగా ఆత్మవిమర్శ చేసుకున్నాం' అని మొదలుపెట్టాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"సాలు బిడ్డా. వాళ్లది అయిపోయింది. ఇగ నాది నేను చెప్పుకుంట."

పందిరి మధ్యకు నడిచి నిలబడింది. ఆమె ఎవరి ముఖమూ తప్పించలేదు.

"నా పేరు రామవ్వ. కాశయ్య పెండ్లాన్ని. ఆనాడు గీడ చేతులెత్తినోళ్లల్ల నేనొకదాన్ని. ఎవ్వరు నా చెయ్యి పట్టి లేపలే, నేనే లేపిన. మీరంత నన్ను జూసినంకనే ఎత్తిన్రు. పెండ్లామే ఎత్తింది, ఇగ మనదేమున్నదనుకున్నరు. తప్పు మీది కాదు, నాది. ఆయన అప్పటిదాంక అందర్ని బతిలాడుకుంటనే ఉండె, నేను చెయ్యలే, నా బిడ్డ మీద ఒట్టు అనుకుంట. నేను చెయ్యెత్తంగ జూసిండు. జూసినంక ఇగ మాట్లాడలే."